మిగతాది బయటికొచ్చాక

పేపరు బాబాయికి ఒకటే జబ్బు. లోకంలో ఎక్కడ ఏ వింత నేరం జరిగినా అది పొద్దున్నే ఆయన కళ్ళబడాలి, కళ్ళబడింది కాస్తా ఎదుటివాడి చెవిన పడాలి. ఎన్నికలు, ఆటలు, వానల రాకపోకలు ఆయనకు అక్కర్లేదు. ఆ పేజీలు మడిచి, ఊగే బెంచీ కోడు కింద ఊతంగా పెట్టేవాడు. దొంగ దొరికిన పేజీ, శవం దొరకని పేజీ మాత్రం ఒళ్ళో ఉండేవి.

ఈ జబ్బు ఇంటిపట్టున ఉండే మనిషికుంటే ఎవరికీ బాధ లేదు. బాబాయి పళ్ళ ఆసుపత్రిలో ముందు గది మనిషి. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, గంట మోగినప్పుడు ఒక్కొక్కరినే లోపలికి పంపడం ఆయన పని. పన్ను పీకించుకోవడానికి గుండె చిక్కబట్టుకుని వచ్చినవాడు బెంచీ మీద కూలబడగానే, "ఒకడు సొంత అన్నయ్యని బావిలో తోసేశాట్ట, విన్నారా?" అని మొదలుపెట్టేవాడు.

లోపలి గదిలో పళ్ళ డాక్టరమ్మ తన పళ్ళు తను నూరుకునేది. ఆ ఆసుపత్రి ఆవిడకు తండ్రి నుంచి వచ్చింది. దాంతోపాటు ఒక పాత కుర్చీ, బాబాయి కూడా వచ్చారు. కుర్చీని మార్చింది. బాబాయిని ఏం చేయాలో పాలుపోలేదు. తను గౌను తొడుక్కుని తిరిగిన రోజుల నుంచి చూస్తున్న మనిషాయె. నలుగురిలో ‘డాక్టరుగారూ’ అంటాడు, తలుపు మూసుకోగానే ‘పాపా’ అంటాడు. ‘పాపా’ అన్న మనిషిని గదమాయించడం ఎలాగో ఏ కాలేజీలోనూ నేర్పలేదు.

వార్తలు చదివీ చదివీ బాబాయికి ప్రతిదీ కేసులాగే కనబడేది. టీ తెచ్చినవాడు ముందు తనొక గుటక వేసి చూపిస్తే గాని కప్పు అందుకునేవాడు కాదు. ఒకసారి ఒకాయన ఊరెళ్తూ దారిలో పన్ను చూపించుకుందామని పెద్ద సూట్‌కేసుతో వచ్చాడు.

"అందులో ఏముందండీ?" అన్నాడు బాబాయి.

"బట్టలండీ."

"అందరూ మొదట అలాగే చెప్తారు."

ఇంకోసారి తలుపు దగ్గర నిలబడి, "పాపా, పీకిన పళ్ళు ఏం చేస్తున్నావ్?" అని అడిగాడు.

"పారేస్తాం బాబాయ్. ఏం?"

"ఎవడైనా ఏరుకుపోయి ఏ కాలిపోయిన శవం నోట్లోనో పెట్టాడనుకో. పన్నును బట్టేగా మనిషిని గుర్తుపట్టేది. మన పేషెంటు ఇంట్లో కూర్చుని భోంచేస్తూ ఉంటాడు, వాళ్ళ ఆఫీసువాళ్ళు పూలదండ పట్టుకుని వస్తారు. చూసి పారెయ్."

ఈ మాటలన్నీ గుమ్మం అవతల నుంచే. బాబాయి లోపలి గదిలో ఏనాడూ కాలు పెట్టలేదు. దూది కట్ట కావాలంటే గుమ్మం దాకా తెచ్చి, మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి చాచేవాడు. మర్యాద కాబోలు అనుకునేది డాక్టరమ్మ. ఆయన బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. అదొక షోకు కాబోలు అనుకునేది. "ఒకసారి కూర్చోండి బాబాయ్, మీ పళ్ళు చూస్తాను" అంటే, "పళ్ళ డాక్టరు చేతిలో పోయిన మనిషి వార్త ఒకటుంది, చెప్పమంటావా?" అనేవాడు. ఆవిడ దండం పెట్టి తన పనిలో పడేది.

ఇదంతా భరించవచ్చు. భరించరానిది మరొకటుంది. ఆయన ఏ వార్తా పూర్తిగా చెప్పడు.

ఆ బావి వార్తే చూడండి. బెంచీ మీద ఒక రిటైరైన మాస్టారు దవడ పట్టుకుని వింటున్నారు.

"అన్నయ్యని తోసేసినవాడు, అన్నయ్య తప్పిపోయాడని తనే గోడల మీద కాగితాలు అంటించాడు. ఫొటో కింద రాయించాడు కదా, నీలం చొక్కా, ఒక కాలికే చెప్పు అని."

మాస్టారు దవడ వదిలేశారు. "ఒక కాలికేనా?"

"అదీ ప్రశ్న. తప్పిపోయినవాడి కాలికి ఒకే చెప్పుందని వీడికెలా తెలిసింది? ఎస్సై ఆ కాగితం చదివి, వీడి వీపు మీద చెయ్యేసి, ‘నాయనా’ అని ఒకే ఒక్క మాట అడిగాట్ట."

లోపల గంట మోగింది.

"మీ వంతండీ మాస్టారూ. వెళ్ళిరండి. మిగతాది బయటికొచ్చాక."

మాస్టారు కుర్చీలో పడుకుని కప్పు వైపు చూస్తున్నారు. డాక్టరమ్మ సూది సిద్ధం చేసుకుంది.

"నోరు తెరవండి."

"తెరుస్తాను గానీ డాక్టరుగారూ, రెండో చెప్పు బావిలో పడిందంటారా, గట్టు మీదే ఉండిపోయిందంటారా?"

"నాకు తెలీదండీ. నోరు."

సూది దిగింది. మాస్టారు ఇంకా కప్పు వైపే చూస్తున్నారు. కాసేపటికి పటకారు పడింది, పన్ను వచ్చింది. "అయిపోయిందా?" అన్నారాయన, అన్యమనస్కంగా. దూది బుగ్గన అదుముకుని, డాక్టరమ్మ చెప్పే జాగ్రత్తలు చెవిన పెట్టకుండా, రెండో చెప్పు కోసం బయటికి పరిగెత్తారు.

అందరూ ఇంతే. ఏళ్ళ తరబడి చదివి, వేళ్ళు నొప్పెట్టేలా నేర్చుకున్న విద్య ఆవిడది. నొప్పి తెలియకుండా పీకారమ్మా అని ఒక్కరూ అనరు. అందరికీ బయట జరుగుతున్న హత్య మీదే ధ్యాస. పైగా తను పన్ను తొలిచే మిషను మొదలుపెట్టిందంటే చాలు, బాబాయి గొంతు అమాంతం రెండింతలయ్యేది. మిషనుతో పోటీ పడుతున్నాడీయన అని విసుక్కునేది.

ఇంతలో ఎదుటి వీధిలో కొత్త పళ్ళ ఆసుపత్రి వెలిసింది. మెత్తటి సోఫాలు, సన్నటి సంగీతం, గోడంత చేపల తొట్టి. ఇక్కడి బెంచీ పలచబడింది. అక్కడ రంగు చేపలు చూపిస్తుంటే ఇక్కడ మనం శవాలు చూపిస్తున్నాం, ఎవరొస్తారు అని డాక్టరమ్మ లోలోపల కుతకుతలాడింది. సరిగ్గా ఆ సమయంలోనే సూపు గొడవ వచ్చిపడింది.

బాబాయి ఒక బ్యాంకు గుమాస్తాకి చెప్పిన వార్త అది. ఒకావిడ మొగుడి మీద విసిగిపోయి, రోజూ సూపులో విషం కలిపి పెట్టింది. ఆయన పోకపోగా ఒళ్ళు చేశాడు. బుగ్గలొచ్చాయి. స్నానాల గదిలో పాటలు మొదలుపెట్టాడు. ఆవిడకు ఒళ్ళు మండి, విషం కల్తీదని కొట్టువాడి మీద కేసు పెట్టింది. "పెట్టి?" అన్నాడు గుమాస్తా. గంట మోగింది. అతను బయటికొచ్చేసరికి బాబాయి టీ పరీక్షలో ఉన్నాడు. గుమాస్తాకి ఆఫీసు తొందర. ముగింపు వినకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు అతని భార్య వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"మీరు పళ్ళు బాగుచేస్తారా, కాపురాలు కూలుస్తారా? నమలలేడు కదా అని సూపు కాచి ఇస్తే, ముందు నువ్వొక చెంచా తాగు అంటాడు. ఎందుకని అడిగితే, ఈమధ్య నేను ఒళ్ళు చేశాను కదా అంటాడు."

బాబాయి నొచ్చుకున్నాడు. "తప్పు అతనిదేనమ్మా. ముగింపు వినకుండా పోయాడు. ఆ మొగుడూ పెళ్ళాం చివరికి ఒకటైపోయారు. ఇప్పుడు చెయ్యీ చెయ్యీ పట్టుకుని, కొట్టువాడి మీద కోర్టుకి తిరుగుతున్నారు. ఈ ముక్క మీ ఆయనతో చెప్పండి, అన్నీ సర్దుకుంటాయి."

ఏం సర్దుకోలేదు. ఆవిడను పంపేసరికి డాక్టరమ్మ తాతలు దిగివచ్చారు.

"బాబాయ్, రేపటి నుంచి ఈ గదిలో పేపరు కనబడకూడదు. నేరం మాట వినబడకూడదు."

"ఒక్క ముక్క కూడానా?"

"ఒక్క ముక్క కూడా."

బాబాయి ఒళ్ళోది మడిచాడు. వంగి, బెంచీ కోడు కింది మడత కూడా లాగేశాడు. బెంచీ టక్కున ఒరిగింది. డాక్టరమ్మ మాట తడబడకుండా చూసుకుంటూ, రెండు రోజులుగా సొరుగులో దాచిన అట్టముక్క ఆయన చేతికిచ్చింది. దాని మీద ‘రిసెప్షనిస్టు కావలెను’ అని ఉంది.

"నెలాఖరు దాకా ఉండండి. తర్వాత ఇంటి దగ్గర హాయిగా విశ్రాంతి తీసుకోండి."

బాబాయి అట్టను దగ్గరగా పెట్టుకుని చదివాడు. దూరంగా పెట్టుకుని మళ్ళీ చదివాడు. "ఇందులో నేరమేమీ లేదు" అని, వెళ్ళి తలుపు అద్దానికి వంకర లేకుండా అంటించి వచ్చాడు. డాక్టరమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. అయినా మాట మాటే అనుకుంది.

తండ్రికి ఫోన్ చేసి చెప్పింది. ఆయన తోటపని నేర్చుకుని సుఖంగా ఉన్నారు.

"పేపరు ఆపించావా?" అన్నారు.

"ఆపించాను నాన్నా."

"సరే. ఓ వారం చూడు." ఫోన్ పెట్టేశారు. అందులో నవ్వు వినబడిందని ఆవిడ అనుమానం.

మర్నాటి నుంచి బాబాయి బుగ్గన చెయ్యి పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా కూర్చున్నాడు. ఈ వయసులో అలకేమిటని డాక్టరమ్మకు ఒళ్ళు మండింది. అలిగితే అలిగాడు, గది ప్రశాంతంగా ఉందనుకుంది. ఆ ప్రశాంతతలోంచి ముందుగా వినబడింది బెంచీ. భయంతో కాళ్ళాడించే మనిషి కూర్చున్నప్పుడల్లా టకటకా కొట్టుకునేది. ఆ తర్వాత మిషను. ఇన్నాళ్ళూ బాబాయి గొంతు కింద అణిగి ఉన్న మిషను చప్పుడు ఇప్పుడు తలుపు దాటి తిన్నగా ముందు గదిలోకి వెళ్ళి కూర్చుంది. అది విని ఒకావిడకు పొయ్యి ఆర్పలేదేమోనని అనుమానం వచ్చింది. ఒకాయనకు పన్ను నొప్పి దానంతటదే తగ్గిపోయింది. ఇంకొకాయన ఫోన్ మోగకపోయినా చెవిన పెట్టుకుని, "ఆఁ, వస్తున్నా" అంటూ వెళ్ళి మళ్ళీ రాలేదు.

మిగిలినవాళ్ళు కుర్చీలో కట్టెల్లా బిగుసుకున్నారు. చెయ్యెత్తు మనిషి, ఇళ్ళు కట్టించే కాంట్రాక్టరు, సూది చూసి స్పృహ తప్పాడు. ఒక సంగీతం టీచరమ్మ డాక్టరమ్మ వేలు కొరికింది. పాపం, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. వేలికి కట్టు కట్టుకుంటూ డాక్టరమ్మ, ఊళ్ళోవాళ్ళకి ఇంత పిరికితనం ఎప్పుడు పట్టుకుందా అని ఆశ్చర్యపోయింది. అసలు సంగతి అప్పటికీ తట్టలేదు.

ఆ వారంలోనే ఎస్సైగారు వచ్చారు. ఒక బుగ్గ మామూలుగా, ఒక బుగ్గ బంతిలా ఉంది. వెనక కానిస్టేబుల్, ముద్దాయిని తెచ్చినట్టు ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ దగ్గరికొచ్చి చిన్నగా చెప్పాడు.

"ఎదురాసుపత్రిలో సూది చూసి వెనక్కి పడ్డారండీ. చేపల తొట్టి మీద. తొట్టి పగిలింది. ఇక అక్కడికి రావద్దన్నారు."

డాక్టరమ్మ నోరు తెరిపించి చూసింది. చీము పట్టి ఉంది. "ఇవాళ తీసెయ్యాలండీ. ఆలస్యం చేస్తే దవడంతా పాకుతుంది. అప్పుడు పెద్దాసుపత్రిలో కోయించుకోవాలి."

"తీసెయ్యండి" అన్నారు ఎస్సైగారు ధైర్యంగా. ఆవిడ సూది అందుకుంది. ఎస్సైగారు లేచారు. "స్టేషన్లో అర్జెంటు పనుంది."

"సార్, పనేం లేదు సార్" అన్నాడు కానిస్టేబుల్.

"నీకు తెలీదు."

పెద్ద పెద్ద అంగలతో ముందు గదిలోకొచ్చి తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశారు. డాక్టరమ్మ వెనకే వచ్చింది. ఆ బుగ్గతో ఈ మనిషి గుమ్మం దాటితే ఇక దొరకడు. ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. బతిమాలుదామంటే మాట వినేలా లేడు, పట్టుకుందామంటే పోలీసు.

బాబాయి బుగ్గన చెయ్యి తీయకుండానే అన్నాడు. "బేకరీ దొంగ మీకు దొరకలేదుట కదండీ, పాపం."

గొళ్ళెం మీద చెయ్యి ఆగింది. "దొరకలేదని ఎవరన్నారు? పట్టుకున్నది నేనే."

"అలాగా. అద్దాల బీరువాలో కేకు కొరికితే, వాడి కట్టుడు పళ్ళసెట్టు అందులో ఇరుక్కుపోయిందని విన్నాను."

"అది నిజమే. చూపుకి పెట్టిన ప్లాస్టర్ కేకు అది."

"కాదండీ, నిజం కేకే. కాస్త ఎండింది."

"ప్లాస్టరు. నేను స్వయంగా గోటితో గీకి చూశాను."

"లోపల కూర్చుని మాట్లాడుకుందాం రండి. నిలబడి వాదించుకుంటే ఏం బావుంటుంది." అని బాబాయి లేచి, ఏనాడూ దాటని గుమ్మం దాటి లోపలి గదిలోకి నడిచాడు. ఎస్సైగారు రోషంగా వెంటబడి వచ్చి, కూర్చోవడానికి కనబడిన ఒకే ఒక్క చోట కూర్చున్నారు. అది పళ్ళ కుర్చీ.

డాక్టరమ్మ సూది అందుకుంది.

"అయితే ఆ పళ్ళసెట్టు సంగతి కనిపెట్టింది మాత్రం మీరు కాదు, ఈ కానిస్టేబులట" అన్నాడు బాబాయి.

ఎస్సైగారు ఖండించడానికి నోరు తెరిచారు. సూది దిగింది.

"ఊళ్ళో కట్టుడు పళ్ళవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి, ఆ సెట్టు తొడిగి చూశార్ట కదా."

ఎస్సైగారి కళ్ళు ఎర్రబడ్డాయి. "ఊఁహూఁ" అన్నారు.

"కానిస్టేబులే తొడిగాట్ట. మీరు గుమ్మంలో నిలబడ్డార్ట. అతికినట్టు సరిపోయింది మాత్రం మీ మామగారికిట. అందుకే కేసు మూసేశారని వినికిడి."

కానిస్టేబుల్ గోడ వైపు తిరిగి, నవ్వాపుకోలేక భుజాలు కుదిపాడు. ఎస్సైగారు రెండు చేతులూ గాలిలో ఆడించారు. నొప్పికి కాదు, మామగారి పరువుకి. డాక్టరమ్మ మందు పూర్తిగా ఎక్కేదాకా ఆగి, పటకారు బిగించి, ఒడుపుగా ఒక్క లాగు లాగింది. బాబాయి గోడనున్న పళ్ళ బొమ్మ వైపే చూస్తూ చెప్పుకుపోతున్నాడు. గుమ్మం కొయ్యను పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడిపోవడం డాక్టరమ్మ అప్పుడే చూసింది.

దూది పెట్టించుకోకుండానే ఎస్సైగారు మొదలుపెట్టారు, తిమ్మిరెక్కిన నోటితో. "మామగారికి కాదయ్యా. బేకరీ ఓనరు బావమరిదికి. సెట్టు కట్టిన వాళ్ళని వెతికి, గుర్తు పట్టించి, పట్టుకుంది నేను. రాసుకో." చెప్పడం అయ్యాక పళ్ళెంలో చూశారు. "ఇదెవరిది?"

"మీదేనండీ" అంది డాక్టరమ్మ.

ఎస్సైగారు చాలాసేపు ఆ పన్నును, తర్వాత బాబాయిని చూశారు. మంచి దొంగను చూసినప్పుడు పోలీసు కళ్ళలో వచ్చే గౌరవంలాంటిది ఆ చూపులో ఉంది.

వాళ్ళు వెళ్ళాక బాబాయి బెంచీ మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. డాక్టరమ్మ ఎదురుగా నిలబడింది.

"నిజంగా ఆ మామగారి సంగతి..."

బాబాయి దొంగలా చొక్కా లోపలి నుంచి ఒక మడత తీశాడు. ఆ రోజు పేపరే. ఎస్సైగారి ఫొటో, ప్లాస్టర్ కేకు, బావమరిది, అన్నీ సక్రమంగా అచ్చయి ఉన్నాయి.

"అన్నీ తెలిసే తప్పు చెప్పారా?"

"తెలియనివాడికి సగం చెప్పి ఆపాలి పాపా. తెలిసినవాడికి తప్పు చెప్పాలి. అప్పుడు గాని వాళ్ళ బుర్ర పన్ను మీంచి పక్కకి పోదు."

డాక్టరమ్మకు మాస్టారు, రెండో చెప్పు, వచ్చినవాళ్ళంతా కప్పు వైపు చూస్తూ పడుకోవడం గుర్తొచ్చాయి. తన చెయ్యి తేలికని మురిసిపోయినందుకు సిగ్గేసింది. "మరి మిషను పెట్టగానే గొంతు పెంచేవారు?"

"ఆ చప్పుడు బయటికి వినబడుతుందమ్మా. విన్నవాడు వణుకుతాడు." బాబాయి పేపరు మళ్ళీ మడిచాడు. "నేనే వణుకుతాను. ఈ వారం రోజులూ ఒట్టి చేతుల్తో కూర్చుని ఆ చప్పుడు వినడం నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళూ పేపరు అడ్డం పెట్టుకుని నెట్టుకొచ్చాను."

"అంత భయమైతే పళ్ళ ఆసుపత్రిలో ఎందుకు చేరారు బాబాయ్?"

"చేరలేదు. పన్ను పీకించుకోవడానికి వచ్చాను. నా వంతు వచ్చినప్పుడల్లా పక్కవాణ్ణి పంపేవాణ్ణి. మీవి ముందు కానివ్వండి, మీవి ముందు కానివ్వండి అంటూ సాయంత్రం దాకా అందర్నీ వరసగా పంపాను. మీ నాన్న బయటికొచ్చి చూసి, రేపూ రాగలవా అన్నాడు." ఆయన బుగ్గ తడుముకున్నాడు. "అలా ఇంకా నా వంతు రాలేదు."

అప్పుడు చూసింది డాక్టరమ్మ. బుగ్గన చెయ్యి అలక కాదు. లవంగం షోకు కాదు. ఆ బుగ్గ కాస్త వాచి కూడా ఉంది. రోజూ పది నోళ్ళు చూసే మనిషి కళ్ళ ముందున్న నోరు చూడలేదు. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. గిరుక్కున తిరిగి లోపలికెళ్ళి, గంట మోగించింది.

బాబాయి అటూ ఇటూ చూశాడు. బెంచీ మీద తను తప్ప పంపడానికి ఎవరూ లేరు.

"మీ వంతండీ" అంది డాక్టరమ్మ.

కుర్చీలో ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఆవిడ గొంతు సవరించుకుంది. ఎప్పుడూ చెప్పి ఎరగదు.

"ఒకాయన, తను పోతే ఎంతమంది ఏడుస్తారో చూద్దామని, తను పోయినట్టు తనే పేపర్లో వేయించుకున్నాట్ట."

బాబాయి ఒక కన్ను తెరిచాడు. "ఎప్పటి వార్త?"

"నోరు తెరవండి. వేయించుకుని, ఇంట్లో బీరువాలో దాక్కున్నాడు. పొద్దున్నించీ ఎవరూ రాలేదు. సాయంత్రానికి ఒక్కడొచ్చాడు. నేరుగా బీరువా దగ్గరికే వచ్చాడు. వాడి చేతిలో..."

బాబాయి నోరు తెరుచుకుని, ఊపిరి బిగబట్టి, కప్పు వైపు చూస్తున్నాడు. సూది దిగినా, మందెక్కినా ఆయనకు పట్టలేదు. అన్నేళ్ళు పట్టుకు వేలాడిన పన్ను కాస్త మొరాయించి వచ్చేసింది.

"వాడి చేతిలో?" అన్నాడు, దూది అడ్డం వస్తుంటే.

"మిగతాది బయటికొచ్చాక."

బయటికొచ్చి బాబాయి ఆత్రంగా మడత విప్పి ఆ పేజీ, ఈ పేజీ వెతికాడు. ఎక్కడా లేదు. డాక్టరమ్మ అప్పటికి తలుపు అద్దం మీది అట్ట పీకి, మడిచి, వంగి బెంచీ కోడు కింద దూర్చింది. బాబాయి కూర్చుని చూశాడు. బెంచీ కదల్లేదు. కిందికి వంగి, కోడు కింద కనబడుతున్న ‘కావలెను’ చదువుకున్నాడు. కాసేపటి దాకా తల పైకెత్తలేదు.

"ఇంతకీ వాడి చేతిలో ఏముంది పాపా?"

"రేపు చెప్తాను. పెందలాడే రండి. వచ్చేటప్పుడు పేపరు తెచ్చుకోండి."

బాబాయి లేచి చెప్పులేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "సరిగ్గా అక్కడ ఆపకూడదమ్మా. మనిషి రాత్రంతా నిద్రపోడు" అని విసుక్కుంటూ వెళ్ళాడు.